దీపం ముందు గుడ్డు

మా ల్యాబులో డాక్టరేటు ఉన్నవాళ్లం తొమ్మిదిమందిమి. మశూచా కాదా అని తేల్చాల్సి వస్తే మాత్రం అందరం ఏడో తరగతితో చదువు ఆపేసిన ఒక మనిషి చేతుల వైపే చూసేవాళ్లం. కోళ్ల ఫారంలో పనిచేసి వచ్చాడు. అందరికీ గుడ్ల బాబాయ్. చేరిన కొత్తలో, గుడ్లు చూడటానికి కూడా ఒక ఉద్యోగమా అని నవ్వుకున్నాను. ఆ నవ్వు వారం కూడా నిలవలేదు.

చీకటి గదిలో ఒక రేకు డబ్బా, అందులో బల్బు, డబ్బాకు బొటనవేలంత కంత. పన్నెండు రోజులు పొదిగిన గుడ్డును ఆ కంతకు ఆనించి మెల్లగా తిప్పేవాడు. ఎర్రటి వెలుగులో దారాల్లా రక్తనాళాలు, మధ్యలో కదిలే చిన్న నీడ కనిపించేవి. నచ్చితే "బాగుంది" అనేవాడు. ఇంకో మాట ఉండేది కాదు. ఇంట్లో అట్టు వేయబోయినా గుడ్డును ముందు దీపానికి పెట్టి చూస్తాడని వాళ్లావిడ మూతి విరిచేది.

తర్వాత పెంకుకు రెండు చిల్లులు పెట్టి, ఒకదానికి రబ్బరు బుడ్డి ఆనించి గాలి లాగేవాడు. లోపలి పొర చిరగకుండా పెంకును వదిలి కిందికి దిగేది. దాని మీద రోగి పొక్కులోని రసం ఒక చుక్క వేసి, మూడు రోజులు వెచ్చగా ఉంచితే గుడ్డే జవాబు చెబుతుంది. మశూచి అయితే పొర మీద ఆవగింజలంత తెల్లటి బుడిపెలు లేస్తాయి. ఆవు మశూచి అయితే నెత్తురు చిమ్మినట్టు ఎర్రగా ఉంటాయి. ఆటలమ్మ అయితే పొర నున్నగా ఉండిపోతుంది. కంటికి కనపడనిది తన పేరు తానే రాసి చూపించడం మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఇప్పటికీ తలచుకుంటే అంతే.

దేశంలో చివరి మశూచి కేసు వచ్చి ఇరవై నెలలైంది. ఇంకో నాలుగు నెలలు గడిస్తే ఆ జబ్బు పోయినట్టు లెక్క. అప్పుడు ఆసుపత్రి నుంచి ఒక సీసా వచ్చింది. ఆరేళ్ల పిల్ల, జ్వరం, అరచేతుల్లో కూడా పొక్కులు. ఆటలమ్మ అరచేతుల్లోకి రావడం అరుదు కాబట్టి అక్కడి డాక్టర్లు హడలిపోయి, పిల్లనూ తల్లినీ విడి వార్డులో పెట్టి తలుపు మూశారు. సీసా మీద అంకె మాత్రమే ఉంది. బాబాయ్‌కి అంకెతో పని లేదు. ఆ పిల్ల ఆయన కూతురి కూతురు.

"ఈ మూడు రోజులూ మీరు ఇంటి దగ్గర ఉండండి. మేం చూసుకుంటాం," అంది మా పెద్ద డాక్టరమ్మ.

"వేరేవాళ్లు లాగితే పొర చిరుగుతుందమ్మా," అన్నాడు.

అది నిజం. నేను లాగినవాటిలో సగం చిరిగేవి. డాక్టరమ్మ ఒప్పుకుంది. పిల్ల కోసం ఆరు గుడ్లు, టీకా మందు కోసం రెండు సిద్ధం చేశాడు. టీకా మందులో ఉండేది మశూచికి దగ్గరి చుట్టమైన బతికున్న వైరస్సే కాబట్టి, అది వేసినవాటిలో బుడిపెలు లేస్తేనే మా పని సరిగ్గా జరిగినట్టు.

మూడో రోజు విప్పి చూశాం. టీకా పొరల మీద బుడిపెలు చక్కగా లేచాయి. పిల్లవి ఆరూ నున్నగా ఉన్నాయి. డాక్టరమ్మ నవ్వుతూ ఫోను మీద చెయ్యి వేసింది.

"ఆగండమ్మా," అన్నాడు బాబాయ్. "మూడోదీ అయిదోదీ తీసెయ్యండి. నా చెయ్యి వణికింది, పొర పూర్తిగా దిగలేదు. పెన్సిలు గీత పెట్టాను చూడండి. ఆ రోజే చెబితే నన్ను బయటికి పంపేస్తారని చెప్పలేదు. తప్పు నాదే."

కనీసం అయిదు మంచి గుడ్లు ఉండాలన్నది నియమం. నాలుగే మిగిలాయి. నాకు ఒళ్లు మండింది.

"ఉన్న నాలుగూ నున్నగానే ఉన్నాయి కదా బాబాయ్. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదే. మళ్లీ మూడు రోజులు పిల్లని ఆ గదిలో పడేస్తారా?"

"నాకూ దాన్ని ఇంటికి తెచ్చుకోవాలనే ఉందమ్మా. అందుకే నా కళ్లని నమ్మొద్దంటున్నాను."

డాక్టరమ్మ ఫోను మీంచి చెయ్యి తీసేసింది. సీసాలో మిగిలిన రసంతో పని మళ్లీ మొదలైంది. ఈసారి మోచేతులు బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి లాగాడు. పొర దిగిన ప్రతిసారీ "బాగుంది" అన్నాడు. సాయంత్రాలు వార్డు కిటికీ బయట నిలబడేవాడు. "ఇంటికి పంపేవాళ్లే నాన్నా, నువ్వే ఆపావట," అని కూతురు లోపల మొహం తిప్పుకుంది. అయినా ఆయన చీకటిపడేదాకా అక్కడే ఉన్నాడు.

మళ్లీ మూడో రోజు వచ్చింది. టీకా పొరల మీద బుడిపెలున్నాయి. పిల్లవి ఆరు పొరలూ నల్లటి పళ్లెంలో పరిచి, భూతద్దం పట్టుకుని ఒకరి తర్వాత ఒకరం వంగి చూశాం. ఏమీ లేదు. వందల ఏళ్లు ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టిన జబ్బు అక్కడ లేదు. లేదు అని చెప్పడానికి ఇంత పని ఉంటుందని, ఆ మాట ఇంత పెద్దదని నాకు అంతకుముందు తెలియదు.

వార్డు తలుపు తీయగానే పిల్ల "తాతా" అంటూ పరుగెత్తుకొచ్చింది. వెనకే కూతురు బట్టల సంచీతో వచ్చింది. బాబాయ్ పిల్లను ఎత్తుకోలేదు. ముందు దాని అరచేయి పట్టుకుని, కిటికీలోంచి పడే ఎండకు ఎదురుగా ఎత్తాడు. వేళ్ల అంచులు ఎర్రగా వెలిగాయి. ఎండిపోయిన పొక్కుల్ని అటూ ఇటూ మెల్లగా తిప్పి చూశాడు.

"బాగుంది," అన్నాడు. అప్పుడు ఎత్తుకున్నాడు.