క్లారినెట్ వద్దన్నది నేనే

పోయిన ఆదివారం పొద్దున మా అమ్మాయి కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, తన ఫోను నా కళ్లద్దాల ముందు పెట్టి, మిర్యాలగూడ బజారు నడిమధ్యన ఎవరో కొత్తగా తెరిచిన చిన్న హోటలు ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతూ చూపించడం మొదలుపెట్టింది. మా పెళ్లయి నలభై ఏళ్లు నిండుతున్నాయట, ఆ సంగతి నాకూ వాళ్లమ్మకూ గుర్తులేకపోయినా తనకు గుర్తుందట, అందుకని మమ్మల్నిద్దర్నీ రెండు రోజులు ఆ హోటల్లో ఉంచాలని తన ఆలోచన. మేముండే సూర్యాపేట నుంచి గంట దూరం లేని ఊళ్లో, అదీ దగ్గరి చుట్టాల ఇళ్లు మూడున్న ఊళ్లో, హోటలు గది తీసుకొని పడుకోవడమేమిటని నేను సణిగితే, అక్కడి గొప్పంతా సాయంత్రాలదేనని, కింది హాల్లో కుర్రాళ్లు గిటారూ తబలా పట్టుకొని ఎదురుగా కూర్చుని పాడతారని, మనకు కావలసిన పాటలు ముందే చెప్పుకోవచ్చని నచ్చజెప్పింది. హాలు పైగది తీసుకోవాలా వెనకవైపు గది తీసుకోవాలా, దిండు మెత్తనిది కావాలా గట్టిది కావాలా అని హోటలు వాళ్లు ఏవేవో ప్రశ్నలు పంపితే వాటన్నిటికీ తనే టకటకా జవాబులు నొక్కేసి, చివరి ప్రశ్న దగ్గర మాత్రం ఆగి నావైపు చూసింది.

"నాన్నా, నీకు ఏ వాయిద్యమన్న పడదా? ఇప్పుడే చెప్తే ఆ రోజు అది పెట్టరట."

మామూలుగా అడిగిన మాటే. నేను మాత్రం కాఫీ గ్లాసు కింద పెట్టి, మొక్కలకు నీళ్లు పోయాలని చెప్పి బాల్కనీలోకి వెళ్లిపోయాను. ఆ నీళ్లు అంతకు పావుగంట ముందే నేనే పోశాను. మనిషికి అరవై ఆరేళ్లొచ్చాక కూడా ముఖం దాచుకోవడానికి చోటు వెతుక్కోవలసి రావడం ఎంత సిగ్గుచేటో మన ఈడు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ ప్రశ్న నన్ను ఇంతకు ముందు ఒకసారి ఒక హోటలు యజమాని అడిగాడు, దానికి నేను జవాబు కూడా చెప్పాను.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తాగా చేరి ఏడాది కూడా కాలేదు. మా సొంతూరు మునగాల. మా అమ్మకు ఒక్కడే తమ్ముడు, అంటే నా మేనమామ, కోదాడలో ఉండేవాడు, పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఎర్ర కోటూ, ఇత్తడి గుండీలూ, నెత్తిన కుచ్చు టోపీ. మా నాన్న చిన్నప్పుడే పోవడంతో నా పుస్తకాలూ బట్టలూ పండగలూ అన్నీ ఆ మనిషి చేతి మీదుగానే నడిచాయి. ఆ బ్యాండు వాళ్లకు ఒక ఆనవాయితీ ఉండేది. బరాత్ ఏ వీధిలో పోతున్నా, తమ బ్యాండులో ఎవరి అయినవాళ్ల ఇల్లు దారిలో వచ్చినా, పెళ్లికొడుకు గుర్రాన్ని కూడా ఆపించి ఆ వాకిట్లో ఒక పాట పూర్తిగా వాయించి గాని ముందుకు కదిలేవారు కారు. మునగాలలో ఎవరి పెళ్లయినా మా వాకిలి ముందు ఆ పాట మోగేది. ఐదో తరగతిలో ఉన్నప్పుడు నేను మామ పక్కన ఛాతీ విరుచుకొని నిలబడేవాణ్ణి. పదో తరగతికొచ్చేసరికి, బడిలో నన్ను బ్యాండోని అల్లుడని ఏడిపించడం మొదలయ్యాక, దూరంగా బ్యాండు చప్పుడు వినబడగానే పెరటి గుమ్మంలోంచి జారుకొని మిత్రుడి ఇంట్లో లెక్కలు చేసుకుంటున్నట్టు కూర్చునేవాణ్ణి. వాకిట్లో పాట అయిపోయాక మామ అల్లుడేడని అడిగేవాడని అమ్మ చెప్పేది. చదువుకుంటున్నాడని అమ్మ అంటే ఆయన మురిసిపోయేవాడట.

ఆ ఏడు ఫ్యాక్టరీకి హైదరాబాదు నుంచి నలుగురు పెద్ద అధికార్లు వస్తున్నారని, మన అతిథిగృహం ఇంకా కట్టడం పూర్తికాలేదు గనక వాళ్లకు కోదాడలో రెండు రోజుల బస ఏర్పాటు చూడమని మా మేనేజరు నాకు పురమాయించాడు. వాళ్లలో పెద్దసారే ఫలానా హోటలు అని పేరు చెప్పి మరీ అడిగారట. నా ఆనందం పట్టపగ్గాల్లేకుండా పోయింది. కాగితం మీద సబ్బు దగ్గర నుంచి దోమతెర దాకా రాసుకొని, ముందురోజు పొద్దున్నే సిమెంటు లారీలో డ్రైవరు పక్కన కూర్చుని కోదాడ వెళ్లాను. హోటలు మెయిన్‌రోడ్డు మీదే, కింద భోజనశాల, పైన ఎనిమిది గదులు. భోజనాల హాల్లో ఒక మూల చెక్క వేదిక వేసి సాయంత్రం పూట హార్మోనియం, తబలాతో పాటలు పాడించేవారు. విజయవాడ బస్సులు ఆగే చోటు కావడంతో ఆ పాటలకు మంచి పేరే ఉండేది.

నేను లోపల అడుగుపెట్టేసరికి వేదిక మీద కూర్చుని క్లారినెట్‌ను మెత్తటి బట్టతో తుడుస్తున్నవాడు మా మామ. మూఢాలు నడుస్తున్నాయి, పెళ్లిళ్లు లేవు, అందుకని నెలరోజులుగా సాయంత్రాలు అక్కడ వాయిస్తున్నాడని నాకు తెలియదు. నన్ను చూడగానే లేచి వచ్చి, వస్తున్నది నా అధికార్లేనని వినగానే ఇంక నన్ను కుర్చీలో కూర్చోనివ్వలేదు. పైకి తీసుకుపోయి ఎనిమిది గదులూ చూపించాడు. రోడ్డువైపు గదుల్లో లారీల హారన్లకు నిద్రపట్టదని, చివరి గదిలోకి వంటింటి పొయ్యి పొగ వస్తుందని, మూడో గది కిటికీకి చెరువు గాలి తగులుతుందని, పెద్దసారుకు అదే ఇవ్వాలని చెప్పాడు. పరుపుల మీద తనే కూర్చుని చూశాడు. కరెంటు పోతే ఏ గదిలో ఏ లాంతరు పెట్టాలో, వేణ్ణీళ్లు ఎన్నింటికి కాగాలో, పొద్దున టిఫినుకు ఏది బాగా చేస్తారో అన్నీ తనే చెబుతుంటే నేను కాగితం మీద రాసుకున్నాను. తర్వాత అందరూ మెచ్చుకున్న నా ఏర్పాట్లలో నా బుర్రలోంచి వచ్చింది సబ్బు ఒక్కటే.

కిందికి దిగాక వేదిక చూపించి, తన సంగతి చెప్పుకున్నాడు. అంత సంతోషంగా మామ మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు.

"పెళ్లిల వాయిస్తే ఎవడింటడు అల్లుడా? అందరు నడుస్తనే ఉంటరు, ఎగురుతనే ఉంటరు. గీడ కూసోని ఇంటున్రు. ముప్పై ఏండ్ల సంది వాయిస్తున్న గని, నా పాట కూసోని ఇన్నది గీ హోటల్లనే. రేపు మీ సార్ల ముంగట నీ కుర్చీ కాడికొచ్చి ఒకటి వాయిస్త సూడు, మా అల్లుడని చెప్పి."

హైదరాబాదు అధికార్ల ముందు, అందులోనూ నన్ను రేపోమాపో ఉద్యోగంలో పక్కా చేయవలసిన వాళ్ల ముందు, ఎర్ర కోటు వేసుకొని ఈయన నా కుర్చీ దగ్గరికి వచ్చి, వాకిట్లో వాయించినట్టు వాయించి, అల్లుడని పిలుస్తాడు. ఆ తర్వాత ఆఫీసులో నా పేరేమవుతుందో నాకప్పుడే వినబడింది. మామ నాకు చాయ్ తెస్తానని వంటింట్లోకి వెళ్లాడు. అదే సమయంలో గల్లా దగ్గర కూర్చున్న హోటలు యజమాని, సాయంత్రం పాటల్లో సార్లకు నచ్చనిదేమన్నా ఉంటే ముందే చెప్పమన్నాడు.

పెద్దసారుకు క్లారినెట్ చప్పుడు పడదని చెప్పాను. పెద్దసారు ముఖమైనా నేనప్పటికి చూసి ఎరగను.

యజమాని గల్లా పెట్టె మూశాడు. "మీ మామకు నువ్వు చెప్తవా బాబూ, నన్ను చెప్పమంటవా?" అన్నాడు. మీరే చెప్పండి, నా పేరు మాత్రం ఎత్తకండి అన్నాను. ఈలోగా మామ రెండు గ్లాసుల్లో చాయ్ పట్టుకొచ్చాడు, నాకు చక్కెర ఎక్కువ కావాలని గుర్తుంచుకొని వేయించుకొచ్చాడు. ఆ చాయ్ నేను తాగాను. ఇన్నేళ్లలో నేను చేసిన తప్పులు కొన్ని మరిచిపోయాను, కొన్నిటికి సాకులు దొరికాయి. ఆ గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నది మాత్రం మరుపు రాదు.

మరునాడు అధికార్లు వచ్చారు, గదులు చూసి సంతోషపడ్డారు. పెద్దసారు మూడో గది కిటికీ తెరిచి గాలి పీల్చుకొని నా భుజం తట్టారు. సాయంత్రం కింద హాల్లో కూర్చున్నాం, హార్మోనియం ఆయన పాట ఎత్తుకున్నాడు. వేదిక మీద క్లారినెట్ లేదు. వంటింటి గుమ్మం దగ్గర ఇస్త్రీ మడతలు చెదరని తెల్లచొక్కా తొడుక్కొని మా మామ నిలబడి ఉన్నాడు. ఈ పూట వాయించనక్కర్లేదని చెప్పాక ఇంటికి పోవలసిన మనిషి, అల్లుడి ఏర్పాట్లలో ఏ లోటూ రాకూడదని ఆగిపోయి, నీళ్ల జగ్గు పట్టుకొని మా బల్లల మధ్య తిరుగుతున్నాడు. నేను తల వంచుకొని కంచంలోకే చూస్తూ కూర్చున్నాను.

రెండు పాటలు అయ్యాక పెద్దసారు యజమానిని పిలిచి క్లారినెట్ ఆయన ఏడని అడిగారు. పోయినవారం విజయవాడ వెళుతూ పెద్దసారు తమ్ముడు ఇక్కడ భోజనానికి ఆగాడట, ఇక్కడి క్లారినెట్ గురించి అంతగా చెప్పాడట, అది వినడానికే ఈ హోటలు కావాలని పట్టుబట్టారట. యజమాని జవాబు చెప్పకుండా నావైపు తిరిగాడు. నిజం చెప్పడానికి నాకు అంతకంటే మంచి అవకాశం దేవుడు కూడా ఇవ్వలేడు. ఆ మనిషి మా మేనమామ, ఇక్కడే ఉన్నాడు అని ఒక్క మాట అంటే చాలు. అప్పటికి ఆ మాట అనడానికి భయపడవలసింది కూడా ఏమీ లేదు, మామ పాట కోసమే వచ్చిన మనిషి ఎదురుగా ఉన్నాడు. కానీ క్లారినెట్ పడదన్న నా అబద్ధం బయటపడుతుందని భయపడి, ఆయనకు ఒంట్లో బాగాలేదట సార్, ఇవాళ రాలేదు అన్నాను.

నా వెనకే మామ నిలబడి ఉన్నాడని ఆయన చేతిలో జగ్గు చప్పుడైనప్పుడు తెలిసింది. అయ్యో పాపం, ఏమైందట అని పెద్దసారు అడిగారు.

"జరమండి సారూ," అన్నాడు మామ. "రెండు రోజులల్ల తగ్గుతది."

అని, పెద్దసారు గ్లాసు నింపి, నా గ్లాసు కూడా నింపి, జగ్గు బల్ల మీద పెట్టి వంటింటివైపు వెళ్లిపోయాడు. మళ్లీ హాల్లోకి రాలేదు. పెద్దసారు మరునాడు సాయంత్రానికి ముందే పని ముగించుకొని బయలుదేరిపోయారు. ఏర్పాట్లు చక్కగా చేశానని మా మేనేజరుకు గట్టిగానే చెప్పినట్టున్నారు, నెలలోపే నన్ను పక్కా చేశారు.

క్లారినెట్ లేకపోయినా హాలు నడుస్తోందని చూసుకున్న యజమాని మామను మళ్లీ పిలవలేదు. మూఢాలు పోయాయి, మామ మళ్లీ ఎర్ర కోటు తొడుక్కొని పెళ్లిళ్లకు వెళ్లిపోయాడు. ఆ తర్వాత పన్నెండేళ్లు బతికాడు, నా పెళ్లి బరాత్‌లోనూ వాయించాడు, నేను పూలదండలు సర్దుకుంటూ కారులో కూర్చుని ఉన్నాను. ఆ సాయంత్రం సంగతి ఆయన ఒక్కనాడూ ఎత్తలేదు. అడిగితే కాళ్ల మీద పడేవాణ్ణని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అడగడని తెలిసే ధైర్యంగా తిరిగానన్నది అసలు నిజం.

ఇప్పుడు రోజులు వేరు. మా అమ్మాయి పాఠాలు చెప్పే ఇంజనీరింగ్ కాలేజీలో వార్షికోత్సవానికి పిల్లలు డప్పు కొడుతుంటే వాళ్ల మేనమామలూ చిన్నాన్నలూ ముందు వరసలో నిలబడి ఫోన్లెత్తి పట్టుకుంటారు, మా వాడే, మా వాడే అని పక్కవాళ్లకు చూపిస్తారు. మనం ఆ కాలంలో ఎవరిని చూసి సిగ్గుపడ్డామో వాళ్లనే ఇప్పుడు పేరుపెట్టి అడిగి పిలిపించుకుంటున్నారు. బాగుంది, అలాగే ఉండాలి. మనకు ఆలస్యంగా తెలిసింది, అంతే.

బాల్కనీలోకి మా అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. తడిసిన కుండీలను మళ్లీ తడుపుతున్న నన్ను చూసి ఏమైందని అడిగింది. ఎందుకో ఆ పూట దాచలేకపోయాను, ఇప్పుడు మీకు చెప్పినదంతా నిలబడే చెప్పేశాను. అది నన్ను తిట్టలేదు, ఓదార్చనూలేదు. నా చేతిలోంచి మగ్గు తీసుకొని, "ఆ తాత ఎట్ల వాయించేటోడు నాన్నా?" అని అడిగింది.

ఏదన్నా చెబుదామని నోరు తెరిచాను. వాకిట్లో పాట మోగుతుంటే పెరటి గుమ్మంలోంచి పారిపోయినవాణ్ణి, నా బరాత్‌లో దండలు సర్దుకున్నవాణ్ణి, కోదాడ హోటల్లో ఆ పూట వేదిక మీద ఆయన్ను లేకుండా చేసినవాణ్ణి. ఈరోజుల్లో ఏ ఊరి ఏ కుర్రాడు ఊదినా వేలితో తాకితే ఫోనులో మోగుతుంది. మా మామ పాట ఏ ఫోనులోనూ లేదు, నా చెవుల్లోనైనా ఉండవలసింది. ఆ పిల్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే, నాకు తెలియదమ్మా అని.