సరే బ్రో

ఆ రోజుల్లో (మరీ పాతకాలం కాదు, నా పెళ్లికి ముందు) నా ప్రపంచమంతా ఒక్క పొట్టి మాట మీద నడిచిపోయేది. బ్రో. విశాఖ హాస్టల్లో అంటుకున్న మాట అది. ఆశ్చర్యమేస్తే "బ్రో!", ఏడుపొస్తే "బ్రో...", ఎవరైనా తిక్కగా మాట్లాడితే "ఏటి బ్రో?". ఆటో అతను బ్రో, నా గదిలో ఉండే అమ్మాయి బ్రో, కిటికీలోంచి దూరే పిల్లి కూడా బ్రోయే. చదువు ముగించి చోడవరం తిరిగొచ్చినా ఆ మాట నా నాలుకని వదల్లేదు.

ఇంతలో రోలుగుంట సంబంధం కుదిరింది. పెళ్లికొడుకూ నేనూ ఫోన్లో మెసేజులు పెట్టుకునేవాళ్లం. మధ్యాహ్నాలు డాబా మీద నీడలో కూర్చుని, చెరకుతోటల మీంచి వచ్చే గాలికి సగం నిద్రలో, సగం కలలో తేలుతూ ఉండేదాన్ని. అలాంటి ఒక మధ్యాహ్నం ఆయన, "ముహూర్తం చీర ఆకుపచ్చది తియ్యమంటావా?" అని అడిగితే, మగతలో "సరే బ్రో" అని కొట్టేశాను. నా జవాబు వెళ్లేసరికి ఫోను వాళ్ల అక్క చేతిలో ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆయన, వాళ్లమ్మ, నాయనమ్మ మా ఇంట్లో దిగారు. "అన్నయ్యా అని పిలిసిన గుంటని కోడలిగా ఎలా సేసుకుంతాం, సెప్పండి?" అంటూ కాబోయే అత్తగారు కళ్లొత్తుకున్నారు. ఆవిడ భయం నిజమైనదే. మా అమ్మ ముఖం పాలిపోయింది. నన్ను గట్టెక్కించమని, ఇంగ్లీషు మాస్టారైన మా మావయ్యని పిలిచాం. ఆయన గొంతు సవరించుకుని, "ఇది బ్రదర్ అన్న మాటకి పొట్టిరూపమేనండి. అసలర్థం అన్నో తమ్ముడో అనే. తరవాత అమెరికాలో నల్లజాతివాళ్లు ఒకళ్లనొకళ్లు ఆప్యాయంగా అలా పిలుచుకునీవోరు, అక్కణ్ణించి కుర్రాళ్లకి..." అని మొదలెట్టారు.

"సూసేరా! అన్నే!" అత్తగారు లేచి నిలబడ్డారు. (పాపం, మావయ్యకి నిజం చెప్పడం తప్ప మరో విద్య రాదు.)

"కూకోయే," అంది నాయనమ్మ. "మీ మావ బతికున్నన్నాళ్లూ ఆణ్ణి 'ఓర్నాయనో' అనే కేకేసేను. ఆడు నాకు నాయనైపోనాడేటి?"

ముందుగా నవ్వింది పెళ్లికొడుకే. తరవాత అత్తగారు, తడి కళ్లతోనే. అమ్మ కాఫీలు పెట్టడానికి లేచింది.

పెద్దవాళ్లు చీరల మాటల్లో పడ్డాక మేమిద్దరం డాబా ఎక్కాం. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి పాకం వాసన తేలివస్తోంది. "ఇంతకీ నన్నేటని పిలుస్తావు?" అన్నారాయన. ఏవండీ అందామంటే నవ్వొచ్చింది, పేరు పెట్టి పిలుద్దామంటే సిగ్గేసింది. అప్పటి నన్ను, ఆ పిల్లని, ఇప్పుడు తలుచుకుంటే ముద్దొస్తుంది. అంతటి వాగుడుకాయ, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, కింద నుంచి కాఫీకి పిలుస్తున్నా వినపడనట్టు అలా నిలబడిపోయింది.