ఉప్పునీళ్ల పరీక్ష

దేవీప్రసాద్ అనుమానించి బతికే మనిషి. ఆయన ఉద్యోగమే అది. తెల్లారేసరికి అనకాపల్లి బెల్లం మార్కెట్‌కి వెళ్లి, వరసగా పేర్చిన దిమ్మల మధ్య నడుస్తూ, ఇనుప పుల్లతో పొడిచి, గిల్లి, వాసన చూసి, నాలిక్కి రాసుకుని, ఏది సరుకో ఏది కాదో తన కొట్టు యజమానికి చెప్పాలి. పసుపుపచ్చగా మెరిసిపోయే దిమ్మ కనబడిందంటే ఆయన ముందు దాని మీదే పడతాడు. అంత అందంగా ఉందంటే పాకంలో ఏదో మందు కలిపి ఉంటారని ఆయన నమ్మకం. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆ నమ్మకం చాలాసార్లు నిజమైంది కూడా. అక్కడే వచ్చింది చిక్కంతా. మార్కెట్‌లో పనికొచ్చిన అనుమానం మార్కెట్ గేటు దగ్గర ఆగదు, మనిషితో పాటే ఇంటికొచ్చి చెప్పులు విప్పుకుని కూర్చుంటుంది.

ఇంట్లో పాలవాడి కొలత మీద అనుమానం, గ్యాస్ బండ బరువు మీద అనుమానం, ఇస్త్రీ అబ్బాయి తన చొక్కా తొడుక్కుని పెళ్లికి వెళ్లొచ్చాడేమోనని అనుమానం. పక్కింటి పిల్లి చూపు కూడా ఆయనకి నచ్చదని భార్య ఈశ్వరి అందరికీ చెప్పి నవ్వుతుంది. ఒక్క చోట మాత్రం ఆయన నిశ్చింతగా ఉండేవాడు. అది హాల్లో మూలనున్న స్టీలు బీరువా ముందు.

ఊళ్లో అందరి బీరువాల్లో పట్టుచీరలుంటే ఆయన బీరువాలో ఆటలున్నాయి. కుర్రతనంలో ఒకసారి విశాఖపట్నం వెళ్లి, పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు అమ్మేవాడి దగ్గర ఒక నలిగిన అట్టపెట్టె కొన్నాడు. ఓడలో వచ్చిన ఎవరో వదిలేసి పోయిన పెట్టె అది. అందులో ఇంగ్లీషులో ఒక నియమాల పుస్తకం, చిత్రమైన ఆకారాల్లో కొన్ని పాచికలు ఉన్నాయి. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ పుస్తకం చదవడానికి ఆయనకి ఒక వేసవి పట్టింది. ఇంతకీ ఆట సంగతి తేలికే. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు ఆ కథలో మనుషులవుతారు. గోడ దూకుతానంటావు, రాక్షసుణ్ణి నరుకుతానంటావు, అది జరిగేదీ జరగనిదీ పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే నీ మాట నెగ్గినట్టు. దాన్ని రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. ఈశ్వరి మాత్రం పెళ్లయిన కొత్తలో పెట్టిన పేరే ఇప్పటికీ వాడుతుంది, 'ఆదివారం అబద్ధాలు' అని.

అప్పటినుంచీ దొరికిన ప్రతి ఆటా కొన్నాడు. ప్లాస్టిక్ కవర్లు తొడిగి, కలరా ఉండలు వేసి, వరసలు తప్పకుండా పేర్చాడు. పాచికలకి ఈశ్వరి పాత కుంకుమ భరిణెలు కేటాయించాడు. అన్నిటికంటే పై అరలో, విడిగా ఒక వెండి భరిణెలో ఉంటాడు 'పెద్దాయన'. ఆ మొదటి పెట్టెలో వచ్చిన ఇరవై ముఖాల పాచిక అది, ముదురుపాకం రంగులో, అంచులు అరిగిపోయి. కథ నడిపేవాడు కాబట్టి రాక్షసుల తరఫున, దొంగల తరఫున, దేవీప్రసాద్ వేసేది ఎప్పుడూ పెద్దాయననే. దాన్ని ఇంకొకరు ముట్టుకుంటే ఆయనకి అన్నం సయించదు.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురొస్తారు. కొండకర్ల దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పే శాంతి, స్టేషన్ రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే నూకరాజు, పూడిమడక నుంచి చేపల వ్యాను నడుపుకునే అప్పలరమణ. రమణ కాలేజీలో పక్క బెంచీవాడు, ఈ ఆటలో మొట్టమొదట కూర్చున్నవాడు. కథలో ఎక్కడైనా మూసిన తలుపు వచ్చిందంటే శాంతి ముందు కర్రతో పొడిచి చూస్తానంటుంది, నూకరాజు చెవి ఆనించి వింటానంటాడు. రమణ అలా కాదు. "తీసెయ్యడమే బావా" అంటాడు. తలుపు వెనకాల దేవీప్రసాద్ ఏదో ఒకటి పెట్టే ఉంచుతాడు. పెద్దాయన దొర్లి ఇరవై మీద నిలబడతాడు, రమణ మనిషి చచ్చిపోతాడు. రమణ నవ్వేసి, తెల్లకాగితం తీసుకుని, ఇంకో పేరుతో ఇంకో మనిషిని రాసుకునేవాడు.

అలాంటి రమణ ఈమధ్య ఒక ఆదివారం చొక్కా జేబులోంచి నీలం రంగు పాచిక ఒకటి తీశాడు.

"ఎక్కడిది బావా అది" అన్నాడు దేవీప్రసాద్.

"మనదేలే" అని నవ్వి ఊరుకున్నాడు రమణ.

ఆ నవ్వు దేవీప్రసాద్‌కి నచ్చలేదు. ఆ రోజు నీలం పాచిక మీద వరసపెట్టి పెద్ద అంకెలే పడ్డాయి. తరవాతి వారమూ అంతే. దేవీప్రసాద్ ఎంతో ప్రేమగా కల్పించి, వర్షాకాలమంతా పెంచి పోషించిన ఉప్పుటేటి రాక్షసుణ్ణి రమణ రెండే దెబ్బల్లో కూల్చేశాడు. పైగా అందరి పాచికలూ ఆ ఇంట్లోనే భరిణెల్లో ఉండటం ఆనవాయితీ అయితే, రమణ మాత్రం దాన్ని మళ్లీ జేబులో వేసుకుని పట్టుకుపోయేవాడు. ఇంత దాపరికం దేనికి? ఒకసారి కిటికీ వెలుగు పడినప్పుడు ఆ నీలంలో ఏదో నల్లచుక్క కనబడింది. దేవీప్రసాద్‌కి సీసం గుర్తొచ్చింది. పూడిమడకలో వలలకి సీసం గుళ్లు కడతారు. రమణ బావమరిది ఇంటి అరుగు మీద అవి కుప్పలుగా పడుంటాయి. ఒక్క చిన్న ముక్క పాచికలో దూర్చితే చాలు, ఎటు కావాలంటే అటే పడుతుంది.

ఆ అనుమానం పుట్టాక ఆయనకి తిండి సరిగా దిగలేదు. రమణ అలాంటివాడు కాదని ఒక మనసు, పచ్చగా మెరిసే దిమ్మలన్నీ అలాంటివి కావనే అనిపిస్తాయని ఇంకో మనసు. మొగుడి ముఖం చూసి ఈశ్వరికి ఇంకోటి తోచింది. ఎవరి దిష్టో గట్టిగా తగిలిందని, ఉప్పుతో తీస్తానని వెంటపడింది. "నాకేటీ తగల్లేదు, ఊరుకో" అని కసిరాడు ఆయన.

ఆ పైవారం ఆట మధ్యలో రమణకి ఫోనొచ్చింది. పడవ ఒడ్డుకొచ్చింది, ఐసు వెయ్యకపోతే సరుకు పాడవుతుంది. రమణ ఉన్నపళంగా లేచి వ్యానెక్కి వెళ్లిపోయాడు. బల్ల మీద నీలం పాచిక ఉండిపోయింది. శాంతి, నూకరాజు వెళ్లేదాకా దేవీప్రసాద్ దాని మీద రూల్ బుక్ బోర్లించి ఉంచాడు. తరవాత దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తుండగానే రమణ ఫోన్ చేశాడు.

"బావా, నా నీలం డైసు అక్కడుండిపోయిందేటి?"

"ఇక్కడా? లేదు బావా. వ్యాన్లో పడిపోయిందేమో సూడు" అన్నాడు దేవీప్రసాద్. అబద్ధం అంత నున్నగా వస్తుందని ఆయన కూడా అనుకోలేదు.

పాచికలో మోసం కనిపెట్టడానికి ఆటగాళ్లు చేసే పరీక్ష ఒకటుంది. గాజుగ్లాసులో నీళ్లు పోసి, పాచిక తేలేదాకా ఉప్పు కలపాలి. తేలుతున్న పాచికని వేలితో గిర్రున తిప్పి వదిలితే, బరువున్న వైపు కిందికి పోతుంది. మోసపు పాచికైతే ఎన్నిసార్లు తిప్పినా ఒకే అంకె పైకొస్తుంది. దేవీప్రసాద్ వంటింట్లోంచి ఉప్పు డబ్బా తెచ్చుకుని తలుపేసుకున్నాడు. నీలం పాచిక తేలింది. తిప్పాడు, మూడు. మళ్లీ తిప్పాడు, పదహారు. తరవాత ఎనిమిది, ఒకటి, పందొమ్మిది. దాని మానాన అది బుద్ధిగా రకరకాలుగా తిరిగింది.

ఎవరైనా అయితే అక్కడ ఊపిరి పీల్చుకునేవాళ్లు. దేవీప్రసాద్ నీళ్లని అనుమానించాడు. సరిగ్గా ఉన్న పాచిక ఎలా తిరుగుతుందో పోల్చి చూడాలి కదా అని, పై అరలోంచి పెద్దాయనని తీసి అదే గ్లాసులో వేశాడు. పెద్దాయన ఒక్కసారి దొర్లి ఇరవై చూపించాడు. తిప్పాడు, ఇరవై. ముంచి వదిలాడు, ఇరవై. గ్లాసు కుదిపినా ఇరవయ్యే. ఆఖరికి తప్పు ఉప్పుదేనని తేల్చుకున్నాడు. ఈ రోజుల్లో ఉప్పులో మాత్రం ఏం కలుపుతున్నారో ఎవడికి తెలుసు? రేపు వేరే కంపెనీ ఉప్పు తెచ్చి మళ్లీ చూద్దామని, పెద్దాయనని తుడిచి భరిణెలో పెట్టి, నీలం పాచికని గ్లాసులోనే వదిలి, గ్లాసుని కిటికీ గూట్లో పెట్టి పడుకున్నాడు.

మర్నాడు మార్కెట్ నుంచి ఉప్పు ప్యాకెట్టుతో వచ్చేసరికి గూట్లో గ్లాసు లేదు. కడిగి, తుడిచి, స్టాండులో బోర్లించి ఉంది.

"ఆ గ్లాసులో నీళ్లేవి?"

"మూడుదార్ల కాడ పారబోసేను" అంది ఈశ్వరి. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. "ఎన్నాళ్లకి నా మాట ఇన్నారండీ. రాత్రి ఉప్పునీళ్లు పెట్టుకున్నారంటే దిష్టికే కదా. మీరు మొహమాటపడి సెప్పలేదనుకున్నాను."

"అందులో నీలంగా ఒకటుంది, సూళ్లేదా?"

"ఏదో పూస ఏసేరనుకున్నాను. పారబోసేక ఎనక్కి తిరిగి సూడకూడదు కదా. సూడకుండా వచ్చేసేను."

దేవీప్రసాద్ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. మూడుదార్ల దగ్గర అప్పటికే పగిలిన గుమ్మడికాయలూ, తొక్కిన నిమ్మకాయలూ ఉన్నాయి. జనం ఆ చోటు తప్పించుకుని నడుస్తున్నారు. ఆయన గొంతుక్కూర్చుని బెల్లం పొడిచే ఇనుప పుల్లతో కాలవ మట్టి కెలకడం మొదలుపెట్టాడు. దిష్టి పారేసిన చోట కెలికే మనిషిని చూసి కిరాణాకొట్టు బంగారయ్య త్రాసు వదిలి బయటికొచ్చాడు.

"ఏటి మావా, అక్కడ ఏటి తీత్తన్నావు?"

"ఏం లేదు, పడిపోయింది ఒకటి."

"అందులోనా" అని బంగారయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. సాయంత్రానికి వీధిలో ఇద్దరు ముగ్గురు దేవీప్రసాద్‌ని చూసి పిల్లల్ని లోపలికి పిలుచుకున్నారు. తనని అనుమానంగా చూస్తే ఎలా ఉంటుందో ఆయనకి అంతవరకూ తెలీదు. పాచిక దొరకలేదు.

ఆదివారం దాకా ఆయన ఎన్నో కథలు అల్లుకున్నాడు. అల్లడం ఆయనకి వచ్చిన విద్యే. కానీ రమణ వచ్చి కూర్చుని, "వ్యానంతా ఎతికేను బావా, లేదు" అని చిన్నబోయిన ముఖంతో చెప్పగానే ఒక్కటీ నోట రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. నల్లచుక్క, సీసం, ఫోన్లో అబద్ధం, ఉప్పునీళ్లు, మూడుదార్లు, అన్నీ. చెబుతున్నంతసేపూ రమణ ముఖం వంక చూడలేకపోయాడు.



"సీసం కాదు బావా, గవ్వ" అన్నాడు రమణ. "మా అమ్మాయి సుప్రియ సేసింది దాన్ని. ఆళ్ల పాలిటెక్నిక్ లో అచ్చుపోసింది. మా ఒడ్డు మీద దొరికే సిన్న గవ్వముక్క లోపలెట్టింది. నీ బీరువాకి పూర్తి సెట్టు సేత్తానంది. ఇది మొదటిది, ఎలా పడతదో ఆడి సూడు నాన్నా, మావయ్యకి మాత్రం సెప్పకు అంది. ఆడినాక తిరగేసి సూసుకుంటాదని ఇంటికి పట్టుకుపోయేవోణ్ణి."

దేవీప్రసాద్ లేచి బీరువా తెరిచి, పై అరలోంచి వెండి భరిణె తెచ్చి, పెద్దాయనని తీసి రమణ ముందు పెట్టాడు. అంతకంటే విలువైంది ఆయన దగ్గర లేదు.

"ఇది నువ్వుంచుకో బావా."

రమణ దాన్ని ముట్టుకోలేదు. "అదొద్దు బావా. అదెప్పుడూ ట్వంటీయే పడతది."

"నీకెలా తెలుసు?"

"మా అందరికీ తెలుసు అన్నయ్యా" అంది శాంతి నెమ్మదిగా. "నేను లెక్కలు చెప్పుకునేదాన్ని, వచ్చిన కొత్తలోనే తెలిసిపోయింది."

నూకరాజు తలూపి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాడు.

"మరి నాకెందుకు సెప్పలేదు ఇన్నాళ్లూ?"

"నీకది ఇష్టం కదా" అన్నాడు రమణ. "ఐదుగురు మనుషుల్ని పోగొట్టుకున్నాను బావా దాని సేతిలో. పోతే పోయేడని ఇంకోణ్ణి రాసుకున్నాను. ఆట నువ్వు బాగా సెప్తావు, అది సాలనుకున్నాం."

ఈశ్వరి టీ తెచ్చి పెట్టి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. రమణ ఇప్పుడు లేచి వెళ్లిపోతాడని, ఇక రాడని దేవీప్రసాద్ అనుకున్నాడు. రమణ వెళ్లలేదు. తెల్లకాగితం ముందుకు లాక్కుని పెన్ను తీశాడు.

"ఆ పాత మనిషి సాలు. కొత్తోణ్ణి రాసుకుంటాను."

"ఎలాటోడు?" అన్నాడు దేవీప్రసాద్ ఆశగా.

"ఇంకా తెలీదు. మొదలెట్టు."

దేవీప్రసాద్ పెద్దాయనని భరిణెలో పెట్టి మూత వేశాడు. భరిణెల్లోంచి ఒక మామూలు తెల్ల పాచిక తీసుకున్నాడు. ఆ పూట ఆయన రాసిపెట్టుకున్న కథ పక్కన పడేసి, అప్పటికప్పుడు కొత్తది ఎత్తుకున్నాడు. వర్షంలో తడిసి ముద్దయిన ముగ్గురు బాటసారులు ఒక ఇంటి ముందుకొచ్చారు. తలుపు మూసి ఉంది. ఆ తలుపు వెనకాల ఈసారి ఆయన రాక్షసుణ్ణి పెట్టలేదు, గొయ్యి పెట్టలేదు. వెలుగుతున్న దీపం, పొగలుగక్కే అన్నం, పొడిబట్టలు పెట్టాడు. ముందు తలుపు తీసేది రమణే కదా, వాడికే మొదట కనబడాలని పెట్టాడు.

"బావా, నీ ముందు తలుపుంది" అన్నాడు.

రమణ కాగితం మీద ఏదో రాసి, పెన్ను కింద పెట్టాడు.

"తియ్యను" అన్నాడు. "ముందు కర్రతో పొడిసి సూత్తాను."

"ఏం లేదు బావా అక్కడ. నిజంగా ఏం లేదు. తియ్యి."

రమణ కోపంగా ఏమీ లేడు. మామూలుగానే చూశాడు.

"నువ్వు సెప్తే ఎలా నమ్మేది బావా" అని, కర్ర కోసం శాంతి వైపు చెయ్యి చాపాడు.