ఆర్వో తోమిన రంపం

పాత మోటారు రంపాల విషయంలో ఆర్వో నిస్కనెన్ మాటకి ఆ నదీలోయలో ఎదురు చెప్పేవాళ్లు లేరు. రంగు ఊడి, పేరు చెరిగి, కోళ్లగూట్లో పదేళ్లు పడి ఉన్న ఇనుప ముద్దని తెచ్చి అతని బల్లమీద పెడితే చాలు. బొటనవేలితో మట్టి తుడిచి, పోతపోసిన అంకెలు తడిమి, "యాభై తొమ్మిది నాటిది. పెట్రోలు మూత మాత్రం దీనిది కాదు, దీని తమ్ముడిది" అనేవాడు. ఆ తమ్ముడు ఎవరి కొట్టంలో తుప్పు పడుతోందో కూడా చెప్పేవాడు. అలాంటివాడికి, తన మొగుడు తనని వదిలి పోయాడో అడవిలో చచ్చాడో చెప్పమని ఐలా వచ్చి అడిగిన రోజున తడమడానికి ఒక్క అంకె దొరకలేదు.

అతను పదిహేడో ఏట అడవిలో అడుగుపెట్టాడు. ఫిన్లాండ్ నుంచి తాతలు వచ్చి స్థిరపడిన ఆ లోయలో మగపిల్లలకి వేరే దారి ఉండేది కాదు. ఇరవై ఆరేళ్లు మానులు కూల్చాడు. ఆ రోజుల్లో రంపాలకి అదురు ఆపే ఏర్పాటు లేదు. సాయంత్రానికి చేతులు మొద్దుబారేవి. నలభై దాటేసరికి చలి తగిలితే చాలు, వేళ్లు సున్నం పూసినట్టు తెల్లబడి, పట్టుకున్న కాఫీ కప్పు జారిపోయేది. అడవి మానేశాక, తన వేళ్లని తిన్న ఆ రంపాలనే ఏరి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. వాటి మీద కోపం లేదా అని ఎవరైనా అడిగితే, "పని చేసింది అవే కదా" అనేవాడు.

పిల్లలు లేరు. భార్య పోయి పదేళ్లయింది. కొట్టంలో నూట ఎనభై రంపాలు వరసగా ఉండేవి. కోత మిల్లు మూతపడ్డాక లోయలో మగవాళ్లు ఒక్కొక్కరే పోతుంటే, "కొట్టం ఖాళీ చేస్తున్నా, వచ్చి చూడు ఆర్వో" అని ఆడవాళ్లు కబురు పెట్టేవారు. విడిభాగాల కోసం అతను పాత కూలి శిబిరాల చెత్తగుంటలు తవ్వేవాడు. ఒక స్టార్టరు మూత కోసం కెనడాలో ఒక ముసలాయనకి మూడేళ్లు ఉత్తరాలు రాశాడు. నాలుగో ఏడు ఆ మూత వచ్చింది, నాన్న పోయాడని కూతురు రాసిన చీటీతో.

ఒకసారి డెల్ ఒక పసుప్పచ్చ రంపం తెచ్చాడు. అడవిలో పుట్టగొడుగులు ఏరి అమ్ముకునే మనిషి. ఐలా రావడానికి ముందటి చలికాలం మొదట్లో, వానకి విరిగిపడిన ఒక వాగు గట్టులో పిడి కనిపిస్తే చేత్తోనే తవ్వి తీశాడట.

"ఇది నీ ముసలి చుట్టమేమో చూడు" అన్నాడు డెల్, గోనెసంచి దులుపుతూ.

ఆర్వో ఒక్క చూపులో పోల్చాడు. పెద్ద మానులకి చేసిన రకం. ఆ లోయకి వచ్చినవి మహా అయితే అయిదారు ఉంటాయి. ఎండబెట్టిన సాల్మన్ చేప ఇచ్చి తీసుకున్నాడు. ఆ చలికాలమంతా దానితోనే గడిచింది. బిగుసుకుపోయిన పిస్టన్‌ని వేడిచేసి, చెక్కముక్క ఆనించి తట్టి తట్టి కదిపాడు. ఇసుక జల్లి కొట్టి పోతపోసిన ఒళ్లంతా శుభ్రం చేశాడు. మానుకి గుచ్చుకుని రంపాన్ని నిలిపే ఇనుప పంజా ఒకటి ఉంటుంది ముందర. దాని అంచున ఎవరో ఆకురాయితో గాట్లు పెట్టారు. పాడుచేశారని తిట్టుకుని దాన్ని తీసేసి వేరే పంజా బిగించాడు. నంబరు రేకు తుప్పుతో చదవడానికి లేదు. సంతలో పెట్టే పాత రంపాల పోటీలో అలాంటి రేకుకి మార్కులు తగ్గిస్తారు. పక్క రాష్ట్రం నుంచి తెప్పించిన ఇంకో పాడైన రంపం రేకు ఊడదీసి దీనికి కొట్టాడు. తీసేసిన వాటిని పాత ఇనుము బండికి వేశాడు. తనలాంటి వాళ్లంతా చేసేదే. అందులో తప్పుందని ఎవరూ అనుకోరు.

సెప్టెంబరు సంతలో దానికి మొదటి బహుమతి వచ్చింది. పేపర్లో ఫొటో వేశారు. ఫొటో పడిన మూడో రోజు ఉదయం ఐలా అతని కొట్టం ముందు వచ్చి నిలబడింది. చేతిలో గుడ్డ చుట్టిన యాలకుల రొట్టె ఉంది. ఆ లోయలో ఉత్త చేతులతో ఎవరూ ఎవరింటికీ పోరు.

ఐలా భర్త పేరు రేనో. డెబ్భై నాలుగు నవంబరులో ఒక ఆదివారం తెల్లవారకముందే రంపం, భోజనం డబ్బా పట్టుకుని ఇంట్లోంచి వెళ్లాడు. మళ్లీ రాలేదు. దుంగల లారీ ఎక్కి పోర్ట్‌లాండ్ పట్నం వైపు పోవడం చూశామని ఒకరన్నారు. ఎవరో ఆడమనిషి ఉందని ఇంకొకరు కలిపారు. అప్పుడు ఐలాకి ఇరవై నాలుగేళ్లు. ఇప్పుడు అరవై ఒకటి. ఈ ముప్పై ఏడేళ్లూ బడి పిల్లలకి వండి పెడుతూ, మొగుడు వదిలేసిన ఆడదిగానే ఆ లోయలో బతికింది. లారీ మాటని అప్పట్లో కాఫీ బల్ల దగ్గర నలుగురికి చెప్పినవాళ్లలో ఆర్వో కూడా ఉన్నాడు.

"అది ఎక్కడ దొరికింది?" అంది ఐలా, కూర్చోకుండానే.

"డెల్‌కి దొరికింది. పైన వాగు దగ్గర, విరిగిన గట్టులో."

ఆమె సంచిలోంచి ఒక కార్డు తీసింది. రేనో రంపం కొన్నప్పుడు దుకాణంవాళ్లు ఇచ్చింది. నీలం సిరాతో నంబరు రాసి ఉంది. "నంబరు చూసి చెప్పు" అంది.

ఆర్వో కార్డు వంక చూశాడు. కొట్టంలోకి వెళ్లి రంపం దగ్గర ఊరికే నిలబడి తిరిగొచ్చాడు.

"రేకు మార్చాను, ఐలా."

"మార్చావా?"

"పాతదాన్ని తుప్పు తినేసింది. కనపడలేదు."

"ఏది, ఆ కనపడనిదే ఇవ్వు."

"పారేశాను."

ఐలా కార్డుని సంచిలో పెట్టుకుంది. తర్వాత నిదానంగా అడిగింది. "రేనో తన పంజా మీద మూడు గాట్లు పెట్టుకున్నాడు. ఎడమ పక్కన. పక్కవాళ్లు ఎత్తుకుపోకుండా. గాట్లున్నాయా?"

"ఉన్నాయి."

"మూడేనా?"

అవునంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో ఆమె ఇంటికి వెళ్లి, బతికున్నాడో లేదో తెలియని మొగుడికి చావుకి కట్టే నల్లబట్ట కట్టుకునేది. ఆర్వో కళ్లు మూసుకుని ఆ పంజాని గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఆకురాయి గీతలు కనబడ్డాయి. రెండుగా ఉన్నాయి, మూడుగా ఉన్నాయి, నాలుగుగా కూడా ఉన్నాయి. గాట్లు చాలామంది పెట్టుకునేవారు.

"గుర్తు లేదు" అన్నాడు.

"లోయలో ప్రతి రంపం పుట్టిన తేదీ చెబుతావట. మూడు దాకా లెక్కపెట్టలేకపోయావా?"

రొట్టె బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. ఆర్వో దాన్ని ముట్టుకోలేదు. మధ్యాహ్నానికి డెల్ ఇంటికి వెళ్లాడు. ఆ చోటు చూపించమన్నాడు.

శనివారం ముగ్గురూ బయల్దేరారు. ఐలాని రావద్దని ఆర్వో చెప్పి చూశాడు. "నువ్వు చూసి ఏదో ఒకటి పారేసి వస్తావు" అంది ఆమె, రబ్బరు బూట్లు వేసుకుంటూ. కలప కంపెనీ భూమిలో పాత లారీ బాట మీద మైలున్నర నడిచి, అక్కడి నుంచి తుప్పలు పట్టుకుని వాగులోకి దిగారు. వాన ఆగి ఆగి పడుతోంది. రంపం దొరికిన చోట డెల్ ఆగాడు. బురద, రాళ్లు, వేళ్లు. ఐలా చేతికర్రతో మట్టి కెలికింది. ఏమీ లేదు.

ఆర్వో మాత్రం నేల వైపు చూడలేదు. తలెత్తి గట్టు పైకి చూస్తున్నాడు. రంపం నీటికి కొట్టుకొచ్చిందో, పైనుంచి జారిందో అతనికి తెలియాలి. నాలుగడుగులు ఎక్కి, నాచు పట్టిన ఒక మోడు దగ్గర నిలబడిపోయాడు. దేవదారు మోడు. దేవదారు తొందరగా కుళ్లదు. మోడు ఒక పక్క రొమ్మెత్తున కోసి ఉంది. రెండో పక్క చీలిన పలక ఇద్దరు మనుషుల ఎత్తున నిక్కి నిలబడి ఉంది. దాని అవతల మాను పడింది పడినట్టే, ఒక్క కొమ్మ కూడా కొట్టకుండా ఉంది.

మాను కూల్చేవాళ్లకి మోడు చదవడం వచ్చు. ఎవరు కోశారో, తొందరలో కోశారో, భయపడ్డారో, అంతా అక్కడ ఉంటుంది. ఆర్వో చేత్తో నాచు గీకి కోత ముఖం చూశాడు.

"ఏముంది అక్కడ?" కింద నుంచి ఐలా అరిచింది.

"పైకి రా" అన్నాడు. ఆమె చెయ్యి పట్టి లాగాడు.

"ఇది నిలబడి ఉండగానే ఒక పక్కకి ఒరిగిన మాను. పడే వైపు పెట్టే ముందుగాటు ఇంకా లోతుగా పెట్టాల్సింది. ఒక్కడే ఉన్నాడు, తొందరపడ్డాడు. వెనక నుంచి కోస్తుంటే సగంలో నిలువునా చీలింది. చీలితే మొదలు వెనక్కి తంతుంది, ఐలా. ఇంత మానుని కూల్చి ఎవడూ ఇలా వదిలేసి పోడు. పోగలిగిన కాళ్లుంటే."

"తన్నితే... తెలుస్తుందా మనిషికి?"

"తెలియదు. అక్కడికక్కడే పోతాడు" అన్నాడు ఆర్వో వెంటనే. అతని మేనమామ అలాగే మాను తన్ని పడి, సాయంత్రం దాకా నీళ్లు అడిగాడు. పక్కన కూర్చుని టోపీతో నీళ్లు పోసింది ఆర్వోనే.

ఇంతలో డెల్ తుప్పల వెనక నుంచి పిలిచాడు. "ఇక్కడ ఇంకోటి కోసి ఉంది. ముక్కలు పేర్చాడు. పొయ్యిలోకేమో!"

"దేవదారు పొయ్యిలో ఎవడు పెడతాడురా" అంటూ ఆర్వో వెళ్లి చూశాడు. నాచు కింద గుండ్రటి ముక్కలు, ఒకదాని మీద ఒకటి. జేబులోంచి కొలత టేపు తీసి పరిచాడు. అన్నీ రెండడుగులే. "ఇంటికప్పు చెక్కలకి కోసుకున్నాడు" అన్నాడు. "కంపెనీ మాను. అందుకే ఎవరికీ చెప్పకుండా వచ్చి ఉంటాడు."

ఐలా ఆ తడి ముక్కల మీదే కూలబడింది. డెల్ తన కోటు తీసి ఇవ్వబోతే తోసేసింది.

"ముందు రోజు బాగా వాన" అంది ఎవరినీ చూడకుండా. "మంచం మీదికి కారింది. పడక అంతా తడిసింది. నేను నోటికొచ్చింది అన్నాను. కప్పు కప్పలేనివాడికి పెళ్లామెందుకు, ఎక్కడికైనా పో అన్నాను. పొద్దున లేచేసరికి లేడు. పొమ్మంటే పోయాడనుకున్నా."

ఆర్వో టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు.

"ఇన్నాళ్లూ తిట్టుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు" అంది ఐలా. "ఇప్పుడు నేను ఎవర్ని తిట్టుకోను, ఆర్వో?"

పోలీసులు వచ్చి రెండు రోజులు తవ్వారు. అడవి పనివాళ్లు వేసుకునే మేకుల అట్ట బూటు ఒకటి, నలిగిన భోజనం డబ్బా, కొన్ని ఎముకలు దొరికాయి. మోడుకీ రంపం దొరికిన చోటుకీ సరిగ్గా మధ్యలో. రంపం ఎవరిదో ఇక ఎవరూ అడగలేదు.

ఆ లోయలో మాను కూల్చేవాడు పోతే చర్చిలో శవపెట్టె పక్కన అతని రేకు టోపీ, రంపం పెడతారు. రేనో టోపీ దొరకలేదు. అంత్యక్రియల రోజు ఆర్వో ఆ పసుప్పచ్చ రంపాన్ని రెండు చేతులా ఎత్తుకుని చర్చి మెట్లెక్కాడు. గుమ్మం దగ్గర ఐలా అడ్డు నిలబడింది.

"దాన్ని లోపలికి తేకు."

"ఇది రేనోది, ఐలా."

"రేనోది మట్టిలోంచి వచ్చింది. నేను చూడలేదు. ఇది నువ్వు చేసుకున్నది" అంది. కోపంగా అనలేదు. తలుపు సగం మూసి లోపలికి వెళ్లింది.

ఆర్వో దిగి చూరు కింద నిలబడ్డాడు. లోపల పాట మొదలైంది. ఆలస్యంగా వచ్చిన ఒకాయన మెట్ల దగ్గర ఆగి, గొడుగు ముడుస్తూ రంపాన్ని చూసి మొహమంతా విప్పార్చాడు.

"సంతలో గెలిచింది ఇదే కదూ! అబ్బ, ఏం చేశావయ్యా. నిన్న దుకాణంలోంచి తెచ్చినట్టుంది."

ఆర్వో తలూపాడు. ఆయన లోపలికి పోయాక రంపాన్ని గోడ వారగా దించాడు. ఇంకెవరూ చూడకుండా కోటు విప్పి దాని మీద కప్పి, పాట అయ్యేదాకా ఒంటి చొక్కాతో అక్కడే నిలబడ్డాడు.