మేడం, అమ్మ, పచ్చి ఉసిరి

మా సైన్స్ మేడం పోయారని పొద్దున్నే పెర్కిట్ నుంచి ఫోన్ వచ్చింది. ఏడుపు వస్తుందనుకున్నాను. కానీ ముందు గుర్తొచ్చింది ఓ గాజు గ్లాసు, అందులో నీలిరంగు, దాన్ని చూసి చిన్నపిల్లలా మురిసిపోయే ఆవిడ. ఏం చేయను, మేడంను తలుచుకుంటే ఇప్పటికీ నాకు హుషారే పుడుతుంది.

వంకాయ కోసి, ఒక ముక్కకు నిమ్మరసం పూసి బల్ల మీద పెట్టేవారు. పూయని ముక్క నల్లబడేది. "సి విటమిన్ చేతికి ఎముక లేదు," అనేవారు. "ఆక్సిజన్ మీదికొస్తే ముందు తనే ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తది. తను ఖర్చయిపోతది గానీ పక్కదాన్ని ఆగం కానియ్యది." యాంటీ ఆక్సిడెంట్ అనే నోరు తిరగని మాట మాకు అలా చుట్టమైపోయింది.

టెన్త్‌లో సైన్స్ ఫెయిర్ వచ్చింది. గంజినీళ్లలో అయోడిన్ చుక్క వేస్తే ముదురు నీలం అవుతుంది. ఉసిరి రసం పడితే, అందులోని సి విటమిన్ అయోడిన్‌కు ఎలక్ట్రాన్లు ఇచ్చి ఆ నీలాన్ని పోగొట్టాలి. అది జరిగితేనే మేం జిల్లాకు వెళ్తాం. రసం ఇంటి నుంచి తెస్తానన్నాను. మా ఆర్మూర్‌లో పసుపు కొమ్ము కడాయిలో ఉడికి, ఎండితేనే సరుకు. బిడ్డ గెలవాలని మా అమ్మ ఉసిరికాయలను కూడా అట్లాగే బాగా ఉడికించి, ఎండబెట్టి, నానబెట్టి రసం తీసి ఇచ్చింది.

జడ్జీల ముందు ఎంత పోసినా నీలం పోలేదు. చూడటానికి వచ్చిన అమ్మ ముఖం వాడిపోయింది. నేనే ఖరాబు చేసిన మేడం, అంది.

మేడం అప్పటికే గేటు బయటి బండి దగ్గరికి పరుగెత్తారు. పచ్చి ఉసిరికాయలు తెచ్చి, దంచి, రసం పిండి అమ్మ చేతికే ఇచ్చారు.

"ఖరాబు కాలే అక్కా. వేడికీ ఎండకూ సి విటమిన్ పోతదని నువ్వే చూపెట్టినవ్. ఇగ గిది పొయ్యి."

అమ్మ ఇంకో నీలం గ్లాసులో ఆ రసం పోసింది. కొన్ని చుక్కలకే నీలమంతా పోయి గ్లాసు తేటపడింది. జడ్జీలు కుర్చీల్లోంచి లేచారు. రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టుకుని జిల్లాకు వెళ్లాం. అక్కడ ప్రైజు రాలేదు, ఎవరికీ ఫికర్ లేదు. ఆ తర్వాత అమ్మ ఉసిరికాయను పొయ్యి ఎక్కించలేదు. నలుగురిలో మా అమ్మను తలదించుకోనివ్వని మనిషిని నేనెట్లా మరిచిపోతాను?

మేడంను సాగనంపి వచ్చి, స్నానాలు చేశాక, అమ్మ దెబ్బలకు పూసే అయోడిన్ సీసా అడిగింది. గంజిలో చుక్క వేసి, పచ్చి ఉసిరి రసం పిండింది. నీలం పోయింది.

"మేడం ఉంటే ఇంకో చుక్క వెయ్యమంటుండె," అంది.

వేసింది. నీలం ఇలా మెరిసి అలా మాయమైంది. కళ్లు తుడుచుకుని అమ్మ మళ్లీ సీసా వంచింది.