చంద్రమ్మ అడిగిన ఐదు నిమిషాలు

2022 జూలై, ఒక శుక్రవారం. ముంబై నాగ్‌పాడాలో ఒక పాత భవనం మొదటి అంతస్తులో ఉన్న ఎక్స్‌రే సెంటర్. మూడు రోజులుగా వాన ఎడతెరిపి లేకుండా కురుస్తోంది. మెట్ల మీద గోనెసంచులు పరిచారు. వచ్చేవాళ్ల గొడుగుల నుంచి కారిన నీళ్లు రిసెప్షన్ దాకా పారుతున్నాయి.

నాది కంప్యూటర్ సర్వీసు పని. ఫాక్‌లాండ్ రోడ్డులో చిన్న దుకాణం ఉంది. మా తాత మహబూబ్‌నగర్ నుంచి కట్టడం పనికి వచ్చి కామాటిపురాలో, వరసగా గదులుండే ఒక చాల్‌లో, ఖోలీ అనే ఒంటిగదిలో కాపురం పెట్టాడు. మా నాన్నా నేనూ పుట్టింది ఆ చాల్‌లోనే. చదివింది మరాఠీలో అయినా ఇంట్లో మాట మాత్రం తెలుగే. చుట్టుపక్కల దవాఖానాలు, బడులు, ప్రింటింగ్ ప్రెస్సుల కంప్యూటర్లు చూడడం మొదలుపెట్టి అప్పటికి పన్నెండేళ్లయింది. చాలా తెలుసు అనుకునే వయసు అది.

ఆ సెంటర్ నడిపేది డాక్టర్ ఫరీదా. తీసిన ప్రతి ఎక్స్‌రే ఒక సర్వర్‌లో చేరుతుంది. అందులో ఎనిమిది హార్డ్ డిస్కులు. వాటన్నిటినీ కట్టగట్టి ఒకే పెద్ద డిస్కులా చూపించేది విడిగా బిగించిన ఒక కార్డు. దాన్ని RAID controller అంటారు. ఒక డిస్కు చెడిపోయినా మిగతావి దాని భాగాన్ని మోస్తాయి, దస్త్రాలు పోవు. కానీ ఏ ముక్క ఏ డిస్కు మీద ఉందో కార్డు చెప్పకపోతే ఎనిమిది డిస్కులున్నా ఒక్క బొమ్మ తెరుచుకోదు.

రెండు వారాలుగా ఆ కార్డు బాగున్న డిస్కును కూడా చచ్చిపోయిందని బయటికి నెడుతోంది. నేను మళ్లీ చేర్చడం, మూడు రోజులకు అది ఇంకోదాన్ని నెట్టడం. తయారీదారు పేజీలో వెతికితే, ఇది పాత firmware లోపం, కొత్తది వేసుకోండి అని ఉంది. Firmware అంటే కార్డు లోపలే ఉండే చిన్న ప్రోగ్రాము. పాతది చెరిపి కొత్తది రాసే ఆ రెండు మూడు నిమిషాలు కార్డులో ఏమీ ఉండదు. మధ్యలో ఆగిపోతే అది ఉత్త ఆకుపచ్చ అట్టముక్క.

శుక్రవారం మధ్యాహ్నం పేషెంట్లు తక్కువ, అప్పుడు చేయమన్నారు ఫరీదా మేడం. రిసెప్షన్‌లో ఉండే సునందా తాయిని (తాయి అంటే మరాఠీలో అక్క) backup సంగతి, అంటే బొమ్మల నకళ్లు వేరే డిస్కులో చేరుతున్నాయా అని, అడిగాను. "రోజూ పచ్చ లైటు వెలుగుతుంది కదా" అంది. వెళ్లి చూశాను. వెలుగుతోంది. అది చూసి తృప్తిపడ్డాను. లోపల ఏముందో తెరిచి చూడలేదు.

అప్పుడే చంద్రమ్మ వచ్చింది. యాభై అయిదేళ్లుంటాయి. తడిసిన చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, కొంగు కింద ఒక ప్లాస్టిక్ సంచి దాచుకుని ఉంది. సునందా తాయితో హిందీలో మొదలుపెట్టి, నేను సెల్‌లో తెలుగు మాట్లాడడం విని నావైపు తిరిగింది.

"మనోళ్లేనా బిడ్డా? జెర ఈ తాయికి సమజ్ జెయ్యి. మా ఆయన పాత ఎక్స్‌రే గావాలె. ఆరేండ్ల కింద ఈడనే తీసిండ్రు. గా ఫిల్మ్ ఖోలీల నీళ్లొచ్చి కరాబైంది."

ఆమె భర్త కుర్మయ్య మేస్త్రీ. దగ్గు తగ్గకపోతే పెద్దాసుపత్రిలో కొత్తగా ఎక్స్‌రే తీశారు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కనిపించింది. ఎప్పుడో పదేళ్ల కింద టీబీ వచ్చి తగ్గిన మనిషి. ఆ మచ్చ పాతదైతే మానిన గాయమే, భయం లేదు. కొత్తదైతే సూది పెట్టి ముక్క తీసి చూడాలి. పాత ఎక్స్‌రే పట్టుకుని మర్నాడు పొద్దున రమ్మన్నారట.

సునందా తాయి నా వైపు చూసింది. "ముందు ఇది తీసిచ్చేయనా? ఐదు నిమిషాలు."

నేను అప్పటికే అన్ని కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్ ఆపేసి, డిస్కులకు ఒకటి నుంచి ఎనిమిది దాకా టేపు మీద నంబర్లు రాసి అంటించి సిద్ధంగా ఉన్నాను. మళ్లీ అన్నీ తెరవాలంటే విసుగనిపించింది.

"పెద్దమ్మా, పది నిమిషాలు కూసో. నా పని అయినంక తీసిస్తది" అన్నాను.

ఆమె బల్ల మీద కూర్చుంది.

కొత్త firmware ఎక్కించాను. తెర మీద గీత మెల్లగా జరిగి నూరు చూపించింది. సర్వర్ ఆపి మళ్లీ వేశాను. మామూలుగా అయితే కార్డు పేరు, కింద ఎనిమిది డిస్కుల వరస వస్తాయి. ఈసారి ఆ చోటు ఖాళీగా ఉంది. సర్వర్ మాత్రం, దాని సొంత డిస్కు వేరే ఉంది కాబట్టి, మామూలుగా లేచింది. ఎక్స్‌రేల డిస్కు లేనే లేదు.

మళ్లీ ఆపాను. వైరు పీకి, నిమిషం ఆగి, పెట్టాను. లేదు. కార్డు తీసి వేరే స్లాటులో గుచ్చాను. లేదు. ఫ్యాన్ కింద కూర్చుని ఉన్నా వీపు మీద చెమట జారడం తెలుస్తోంది. Firmware తో పాటు తయారీదారు ఇచ్చిన సూచనల కాగితాన్ని సెల్‌లో మళ్లీ తెరిచాను. మొదటి పేజీ చదివే ఉన్నాను. రెండో పేజీ మధ్యలో ఒక వాక్యం ఉంది. మీ కార్డులో బాగా పాత version ఉంటే నేరుగా ఇది వేయకండి, ముందు మధ్యలోది వేయండి, లేకపోతే కార్డు పనిచేయకపోవచ్చు.

ఆ కార్డులో ఉన్నది బాగా పాతదే.

Backup డిస్కు తెచ్చి నా ల్యాప్‌టాప్‌కి తగిలించాను. తెరుచుకుంది. బొమ్మలున్నాయి. కిందికి జరుపుతూ పోయాను. 2020 మార్చి దగ్గర ఆగిపోయాయి, అంతకు ముందువి లేవు. ఎప్పుడో backup డిస్కు మార్చినప్పుడు పాతవి దాంట్లోకి ఎవరూ ఎక్కించలేదు. కుర్మయ్య ఎక్స్‌రే 2016ది. కొన్ని వేలమంది బొమ్మలు, అందులో ఆయనదొకటి, చచ్చిన కార్డు వెనక ఉండిపోయాయి.

గాజు తలుపులోంచి చంద్రమ్మ నన్నే చూస్తోంది. నేను చూడగానే లేచి వచ్చింది.

"అయ్యిందా బిడ్డా?"

"అయితాంది పెద్దమ్మా. ఇంకొంచెం సేపు."

అరగంటకి మళ్లీ వచ్చింది. "ఏమన్న లఫ్డా అయిందా?"

"ఏం లేదు. మిషన్ జెర స్లోగా ఉంది."

అబద్ధం అంత తేలిగ్గా వచ్చింది నాకు. ఆమె తలూపి వెళ్లి కూర్చుంది. మచ్చ పాతదో కొత్తదో తెలియకుండా ఆయన రేపు ఆసుపత్రికి పోతాడు. పాతదేలే అని ఎవరైనా పంపించేస్తే? లేదా అక్కర్లేకుండానే ఛాతీలో సూది గుచ్చితే? రెండింటికీ కారణం నేనే.

చేతులు తుడుచుకుని ఫరీదా మేడం గదిలోకి వెళ్లాను. నిలబడే చెప్పాను. కార్డు పోయింది, తప్పు నాదే, కాగితం పూర్తిగా చదవలేదు, backup చూసుకోలేదు. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"బొమ్మలు డిస్కుల మీద ఉన్నాయా, పోయాయా?" అని హిందీలో అడిగారు.

"ఉండాలి. అమరిక కూడా డిస్కుల మీదే రాసి ఉంటుంది. అదే రకం ఇంకో కార్డు దొరికితే రావొచ్చు. రాకపోవచ్చు కూడా."

"బయట కూర్చున్నామెకి చెప్పావా?"

"చెప్పలేదు."

"ముందు వెళ్లి చెప్పు. ఆమె భాష నీకు వచ్చు, నాకు రాదు."

కార్డు చచ్చినప్పటికన్నా ఆ పది అడుగులు నడిచేటప్పుడే ఎక్కువ భయపడ్డాను. చంద్రమ్మ పక్కన కూర్చుని అంతా చెప్పాను. తాయి ముందే తీసిస్తానంటే నేనే వద్దన్నానని కూడా. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. సంచి అంచు మడతపెడుతూ విని, అంది.

"నాకు ఇంగ్లీషు రాదు గానీ మొకం సదవొస్తది బిడ్డా. గంట సంది నీ మొకమే జూస్తున్న. నువ్వు ఏం లేదు ఏం లేదంటుంటే నాకు ఇంకింత భయమైంది. మా ఆయన సచ్చిపోతడని లోపల గానొచ్చింది గావొచ్చు, నాకు జెప్తలేరు అనుకున్న."

ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని నావైపు తిరిగింది.

"ఇంకేదన్న దారున్నదా?" అని అడిగింది.

"ఉంది పెద్దమ్మా. లామింగ్టన్ రోడ్డుల పాత కార్డు దొర్కితే."

"మల్ల ఈడ గూసుంటే దొర్కుతదా? పో. నేను ఈడనే ఉంట."

కంప్యూటర్ సామాన్ల దుకాణాలుండే లామింగ్టన్ రోడ్డు నడిచిపోయే దూరమే. మోకాలి లోతు నీళ్లలో వెళ్లాను. మూడు దుకాణాల్లో లేదన్నారు. నాలుగో అతను, పాత సర్వర్లు విప్పి సామాన్లు అమ్మే ముసలాయన, అటక మీది నుంచి అట్టపెట్టె దించి అందులో వెతికాడు. నా చచ్చిన కార్డు పక్కన పెట్టి నంబరు అక్షరం అక్షరం పోల్చాడు. ఒకటే. పాలిథిన్ కవరులో చుట్టి, దాన్ని చొక్కా లోపల పెట్టుకుని వచ్చాను.

ఈసారి డిస్కులేవీ తగిలించలేదు. కార్డొక్కటే బిగించి, కాగితం మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి, మధ్య version వేశాను. లేచింది. కొత్తది వేశాను. లేచింది. అప్పుడు టేపు మీద నంబర్లు చూసుకుంటూ డిస్కులు ఒక్కొక్కటే తోశాను.

తెర మీద ఒక సందేశం వచ్చింది. ఈ డిస్కుల మీద వేరే కార్డు రాసిన అమరిక కనిపిస్తోంది, ఏం చేయమంటారు అని. కింద రెండు వరసలు. ఒకటి import, అంటే ఆ అమరికను తీసుకో. దాని కిందే clear, అంటే చెరిపేయి. రెండింటికీ మధ్య ఒక్క మీట దూరం. నా కన్ను మీద నాకు నమ్మకం పోయింది. ఫరీదా మేడంని పిలిచి, వెలుగుతున్న వరస గట్టిగా చదవమన్నాను.

"ఇంపోర్ట్" అని చదివారు.

"ఇంకోసారి."

"ఇంపోర్టే. నొక్కు."

నొక్కాను. ఏడు డిస్కులు వచ్చాయి. అయిదో నంబరు రాలేదు. ఒక్కటి లేకపోయినా నడుస్తుందని పుస్తకాల్లో ఉంది, నేనే వందమందికి చెప్పాను. కానీ ఆ క్షణాన ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు. ఇంకో డిస్కు పోతే అంతా అయిపోయినట్టే. ఏదీ ముట్టుకోకుండా, సునందా తాయితో కుర్మయ్య పేరు కొట్టించాను. బొమ్మ తెరుచుకుంది. మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీశాను.

చంద్రమ్మను లోపలికి పిలిచాం. ఆమె సంచిలోంచి కొత్త ఎక్స్‌రే తీసిచ్చింది. ఫరీదా మేడం దాన్ని వెలుగు పెట్టె మీద పెట్టి, పక్కన తెర మీద పాతది ఉంచి చూశారు. పెద్దది చేసి మళ్లీ చూశారు.

"గప్పుడు ఉన్నదా మచ్చ?" అంది చంద్రమ్మ.

మధ్యాహ్నం నుంచి ఆ బొమ్మ రావాలని దేవుళ్లందరికీ మొక్కుతూ వచ్చాను. వస్తే చాలు, అంతా బాగైపోతుందని ఎందుకనుకున్నానో తెలియదు. పాత బొమ్మలో టీబీ గీతలు కిందెక్కడో సన్నగా ఉన్నాయి. పైభాగం శుభ్రంగా ఉంది. కొత్తదాంట్లో అక్కడ రేగుపండంత మచ్చ. మేడం హిందీలో మెల్లగా చెప్పారు, ఇది కొత్తది, రేపే తీసుకెళ్లాలి అని. చంద్రమ్మ నా మొహం చూస్తోంది. ఈసారి దాచడానికి లేదు.

"లేదు పెద్దమ్మా. గప్పుడు లేదు. కొత్తదే."

ఆమె గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. కాసేపటికి, "చిన్నగనే ఉన్నది గద?" అంది.

"చిన్నగనే ఉన్నది. రేప్పొద్దుగాలనే పోవాలంటుంది మేడం."

పాతదాన్ని ఫిల్మ్ మీద ముద్రించి, రెండు బొమ్మలూ ఒకే కవరులో పెట్టి ఇచ్చాను. ఆమె వెళ్లాక అయిదో డిస్కు తీసి మళ్లీ గుచ్చితే కదిలిన పిన్ను కుదురుకుని అదీ వచ్చింది. సోమవారం నుంచి పాతవన్నీ రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించాను.

కుర్మయ్యకు ముక్క తీసి చూశారు. క్యాన్సరే. ముదరలేదు కాబట్టి మరుసటి నెలలోనే ఆపరేషన్ చేసి ఊపిరితిత్తిలో ఒక భాగం తీసేశారు. పాత మచ్చేలే అనుకుని ఆర్నెల్లు ఆగి ఉంటే చెయ్యి దాటిపోయేదని అక్కడి డాక్టర్లు అన్నారట. ఇప్పుడు బరువు మోయలేడు. దాదర్‌లో ఒక భవనానికి వాచ్‌మన్‌గా కూర్చుంటున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆయనే దుకాణానికి వచ్చాడు. బక్కచిక్కిన మనిషి, మాటల మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. "నా ఫోటో తీసిచ్చిన బిడ్డవు నువ్వేనంట గద" అని చేతులు జోడించబోయాడు. చంద్రమ్మ ఆయనకు నా తప్పు సంగతి చెప్పనేలేదు. ఆ దండం నేను తీసుకోలేకపోయాను. జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

ఆయన విని నవ్వాడు. "మేస్త్రీ అన్నంక ఎన్నడో ఒకనాడు గోడ వంకర గడ్తడు. ఇప్పి మల్ల గట్టినోడు మేస్త్రీ. ఇప్పకుండ మీద సున్నం గొట్టెటోడు దొంగ."

ఇప్పుడు ఏ సర్వర్ ముట్టుకోవాలన్నా ముందు backup లోంచి అన్నిటికన్నా పాత దస్త్రం ఒకటి తెరిచి చూపించమంటాను. కాగితం చివరిదాకా చదువుతాను. ఇవి ఎవరైనా నేర్పగలరు. నాకు ఆ రోజు తెలిసింది ఇంకొకటి. మిషన్ దగ్గర నేను భయపడుతున్నప్పుడు, తలుపు అవతల బల్ల మీద కూర్చున్న మనిషి నాకంటే ఎక్కువ భయపడుతూ ఉంటుంది. నేను ఏమీ లేదన్నకొద్దీ ఆమె తనలో తాను ఇంకా పెద్దది ఊహించుకుంటుంది. అందుకే ఇప్పుడు ఏదైనా చెడితే స్క్రూడ్రైవర్ కింద పెట్టి, ముందు తలుపు తీసుకుని బయటికి వెళ్తాను.