అత్తమ్మ దాటిన నీళ్లు

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇది చదివి ఎవరైనా నా దగ్గరకొచ్చి నిమ్మకాయలు, తాయెత్తులు అంటే నాకు ఒళ్లు మండుతుంది. నేను కరెంటు డిపార్ట్‌మెంటు మనిషిని. వైరులో కరెంటు ఉంటే ఉంది, లేకపోతే లేదు. టెస్టర్ పెడితే తెలిసిపోతుంది.

భూపాలపల్లిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకిచ్చిన క్వార్టరులో అంతకుముందు ఎవరూ నిలవలేదట. వంటింట్లో ఎవరో గిన్నెలు కదుపుతారని చెప్పారు. నేను నిచ్చెన వేసుకుని అటక మీదికెక్కి చూశాను. ఓ పిల్లి, దాని పిల్లలు. నా ఇంటి కంటే వాటి సంసారమే నయంగా ఉంది. దెయ్యం కథలన్నీ ఇంతేనని అప్పుడే తేల్చేసుకున్నాను.

అందుకే ఆ ఎండాకాలం జరిగింది ఒక్క దోస్తుకు తప్ప ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మాది కురవి దగ్గర తండా. ఇంట్లో మా భాషే మాట్లాడుకుంటాం. ఇక్కడ ఆ మాటలన్నీ తెలుగులోకి మార్చి రాస్తున్నాను. నాకు హైదరాబాద్‌కు బదిలీ అయ్యాక ఉప్పల్ దగ్గర కిరాయికి ఉన్నాం. నా భార్య సునీత ఓ ప్రైవేటు దవాఖానాలో నర్సు. మాకు ఒక్కతే బిడ్డ, శ్రావణి.

శ్రావణి వెన్నెముక కింద గడ్డతో పుట్టింది. పసిగుడ్డుగా ఉన్నప్పుడే ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది గానీ మోకాళ్ల కింద స్పర్శ లేదు. గిచ్చినా, సూది గుచ్చినా తెలియదు. ఓసారి ఎండకు కాలిన గచ్చు మీద పాదాలు ఆనించుకుని కూర్చుంది. బొబ్బలెక్కాక సునీత చూసి గొల్లుమంది. పిల్ల మాత్రం హాయిగా బొమ్మలు గీసుకుంటోంది. ఆ రోజు నుంచి స్నానం చేయించాక దాని పాదాలు తిప్పి తిప్పి చూడటం మాకు అలవాటైంది.

అందుకే సొంత ఇల్లు అనుకున్నప్పుడు మాకు అందరిలా కుదరదు. మా జనగామ, మహబూబాబాద్ వైపు వాళ్లు పట్నంలో ఇల్లు కొనాలంటే ముందు ఒకటే అడుగుతారు, ఊరి బస్సు ఎక్కడ ఎక్కొచ్చని. ఉప్పల్ దాటి ఘట్‌కేసర్ దాకా సగం కాలనీలు అట్లా మా వాళ్లతోనే నిండాయి. జనగామ నుంచి వచ్చిన నా దోస్తు ఒకడు ఇంటి మిద్దె మీద నుంచి వరంగల్ బస్సు కనిపిస్తుందని గర్వంగా చూపించాడు. చిన్నపిల్లాడిలా చెయ్యి కూడా ఊపాడు.

మాకు కావలసింది వేరే. కింది ఇల్లు కావాలి. ఒక్క మెట్టు కూడా ఉండకూడదు. చక్రాల కుర్చీ రోడ్డు మీద నుంచి తిన్నగా హాల్లోకి రావాలి. బడి దగ్గరుండాలి, ఆ బడి పిల్లను చేర్చుకోవాలి. అపార్ట్‌మెంట్లలో లిఫ్టు ఉంది కదా అని అందరూ అన్నారు. లిఫ్టు సంగతి కరెంటోడికే చెప్తారా అని నవ్వుకున్నాను. కరెంటు పోయినప్పుడల్లా జనం నాకు ఫోన్ చేసి ఏం తిడతారో నాకు తెలుసు.

ఆదివారం ఆదివారం తిరిగాం. ఒక కాలనీలో ఇల్లు బాగుంటే బడి లేదు. ఇంకోచోట బడి ఉంటే గేటు ముందు ఐదారు మెట్లు. వాస్తు కోసం ఎత్తు పెంచామని గొప్పగా చెప్పేవారు. సునీత ఇంటికొచ్చి, రాసుకున్న చీటీలో ఆ కాలనీ పేరు కొట్టేసేది.

చివరికి దొరికింది. ఆ కాలనీ పేరు రాయను, అక్కడ ఇంకా మనుషులు ఉంటున్నారు. వరంగల్ రోడ్డు నుంచి కాస్త లోపలికి, తీరైన సిమెంటు రోడ్లు, రెండు వైపులా వేపచెట్లు. ఓ రిటైరైన పెద్దాయన తన తల్లి నడవలేక ఇబ్బంది పడుతోందని ఇంటిని రోడ్డు ఎత్తుకే కట్టించుకున్నాడు; ఆమె పోయాక అమ్మకానికి పెట్టాడు. గడప లేదు. తలుపులు వెడల్పు. శ్రావణి తన కుర్చీని తానే తోసుకుంటూ రోడ్డు మీద నుంచి వంటింటి దాకా పోయి, తిరిగొచ్చి, మళ్లీ పోయింది. ఇల్లంతా దాని నవ్వే. సునీత ఆ పెద్దాయన ముందే కళ్లు తుడుచుకుంది.

బడి కూడా ఆ వీధి చివరే. ఇంకేం కావాలి? శుక్రవారం అడ్వాన్సు ఇస్తామని మాటిచ్చి వచ్చాం.

అయితే మా అత్తమ్మ వాళ్ల ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త చోట కాపురం పెట్టాలంటే ముందు ఇంట్లో పెద్దామె, చిన్నపిల్లను చంకనెత్తుకుని ఆ చోటంతా నడవాలి. వాళ్ల ముత్తాతలు ఎడ్ల మీద సరుకు వేసుకుని తిరిగిన రోజుల నుంచీ ఉందట. ఆమె నడిచి సరేనంటేనే మూటలు దింపుతారు. నేను వద్దన్నాను. మిర్చి ఏరే పనుల నుంచి ఇప్పుడిప్పుడే తెరిపిన పడ్డ మనిషిని ఈ ఎండలో ఎందుకు తిప్పడమని వాదించాను. సునీత వినలేదు. అప్పటికే తమ్ముడికి ఫోన్ చేసి మహబూబాబాద్‌లో రైలెక్కించమని చెప్పేసిందట. ఇక నేనెవర్ని?

మా అత్తమ్మ పేరు ద్వాలి. ఆమె గురించి కొంచెం చెప్పాలి. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మామ పోయాక ముగ్గురు పిల్లల్ని ఒక్కతే పెంచింది. సునీత నర్సింగ్ చదువుతానంటే తండాలో అందరూ అడ్డం పడ్డారు. ఆమె ఎవరితోనూ పోట్లాడలేదు, తెల్లారి బిడ్డను వెంటబెట్టుకుని వెళ్లి హాస్టల్లో దింపి వచ్చింది. శ్రావణి కాళ్ల సంగతి డాక్టర్ చెప్పిన రోజున మేమంతా ఏడుస్తుంటే, ఆమె పిల్లను ఒళ్లోకి తీసుకుని, "చేతులు బంగారమసొంటియి ఉన్నయి కదనే" అంది. ఇప్పటికీ అద్దాలు కుట్టిన పేటియానే కడుతుంది, అంటే మా ఆడవాళ్ల లంగా. దాని బరువు మోయడమే ఒక పని. పట్నంలో జనం తేరిపార చూస్తే, వాళ్లను తానూ అట్లాగే చూస్తుంది.

గురువారం పొద్దున కాలనీకి వెళ్లాం. పది కూడా కాలేదు, అప్పటికే మే నెల ఎండ మాడు పగలగొడుతోంది. రోడ్డు మీద తడి అన్నది లేదు. కుక్కలు కార్ల కిందికి దూరాయి.

వీధి మొదట్లో అత్తమ్మ శ్రావణిని కుర్చీలోంచి తీసి చంకనెత్తుకుంది. ఎనిమిదేళ్ల పిల్ల. ఎట్లా మోస్తావని నేను ముందుకు పోతే చేత్తోనే ఆపింది. మేము ఖాళీ కుర్చీ తోసుకుంటూ వెనక నడిచాం. ఆమె అటూ ఇటూ చూస్తూ, పిల్లతో ముచ్చట్లు చెప్తూ మామూలుగానే పోతోంది.

సగం వీధి దాటాక ఆగింది. వంగి, వేళ్లతో రోడ్డును తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకుని నెత్తికి రాసుకుంది.

మా వైపు వాగులోకి దిగేముందు అట్లా చేస్తారు.

తర్వాత ఒక చేత్తో పేటియా పైకి పట్టుకుంది. కాలి వేళ్లతో ముందు తడిమి చూసి, ఆ తర్వాతే బరువు మోపుతోంది. ప్రవాహానికి ఎదురు నిలబడ్డట్టు కొంచెం పక్కకు ఒరిగి నడుస్తోంది. ఎండకు తళతళలాడే సిమెంటు రోడ్డు మీద! నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఎదురింటి గేటు దగ్గర ఒకావిడ వింతగా చూస్తోంది. నేను పిలవబోతుంటే సునీత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాగు దాటే మనిషిని వెనక నుంచి పిలవొద్దంది.

ఆ ఇంటి గేటు దగ్గరికొచ్చేసరికి అత్తమ్మ శ్రావణిని చంకలోంచి లేపి భుజాల మీద కూర్చోబెట్టుకుంది. నడుము దాకా నీళ్లొచ్చినప్పుడు పిల్లలను అట్లా ఎత్తుకుంటారు. గేటు ముందు కాసేపు నిలబడింది. లోపలికి పోలేదు. అదే నడకతో వెనక్కి వచ్చింది. ముందు వంగిన చోటు దాటాక పేటియా వదిలేసి, పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, పెద్దగా ఊపిరి తీసుకుంది.

పేటియా నడుము దాకా తడిసి ఉంది.

చెమట అనుకునేవాళ్ల కోసం చెప్తున్నాను. అద్దాల అంచుల నుంచి నీళ్లు కారి రోడ్డు మీద పడుతున్నాయి. సునీత దాని అంచు పట్టుకుని పిండితే నా దోసిట్లో కూడా పడ్డాయి. బురద నీళ్లు. పాచి వాసన. నేను ఆ వీధంతా వెనక్కి నడిచి చూశాను. కుళాయి లేదు, పగిలిన పైపు లేదు, ఎవరూ చెట్లకు నీళ్లు పెట్టలేదు. ఆమె దగ్గర సీసా కూడా లేదు, అది మా సంచిలోనే ఉంది, మూత తీయలేదు. ఎదురింటావిడను అడిగితే, ట్యాంకరు రాక నాలుగు రోజులైంది, నీళ్లెక్కడివి అంది.

అత్తమ్మను అడిగాను. ఏం జరిగిందని, ఏం కనిపించిందని.

"నాకేం ఎరుక కొడుకా. నీళ్లున్నయి, నడిచిన. పొల్ల తడుస్తదని పైకెత్తుకున్న. గంతే."

ఇల్లు కొనమనీ అనలేదు, వద్దనీ అనలేదు. చాయ్ కావాలంది.

నిజం చెప్తున్నాను, అప్పటికీ నేను ఒప్పుకునేవాణ్ని కాదు. ఏదో ఒకటి చెప్పి సునీతను ఒప్పించి, శుక్రవారం అడ్వాన్సు ఇచ్చేసేవాణ్ని. అట్లాంటి ఇల్లు మళ్లీ దొరకదు. కానీ కుర్చీ తోయబోతుంటే శ్రావణి వంగి తన పాదాల వైపు చూసుకుంటోంది. పాదాలు తడిగా ఉన్నాయి, చీలమండల దాకా.

"బాపు, కాళ్లకు సల్లగ తాకింది" అంది.

సునీత రోడ్డు మీదే కూర్చుని పిల్ల పాదాలు పట్టుకుంది. ఎక్కడ తాకింది బిడ్డా అని అడిగితే శ్రావణి వేలితో చూపించింది, తడి ఉన్న మేరకు. మొదట సల్లగా తాకిందట, అమ్మమ్మ పైకెత్తుకోగానే పోయిందట. నేను అక్కడే మోకాళ్ల మీద కూర్చుని దాని పాదం గిచ్చాను. ఇప్పుడు తెలుస్తోందా? లేదు. ఇక్కడ? లేదు బాపు. తర్వాత డాక్టర్‌కు చూపించాం. ఎప్పటిలాగే ఉంది, పిల్లలు అట్లా ఊహించుకుంటారన్నాడు. శ్రావణి అప్పటిదాకా 'సల్లగ' అన్న మాట కాళ్ల గురించి ఎప్పుడూ అనలేదని ఆయనకు చెప్పలేదు.

పెద్దాయనకు ఫోన్ చేసి ఇల్లు వద్దన్నాం. కారణం చెప్పలేకపోయాను. వర్షం పడితే జాగ్రత్త అని మాత్రం అన్నాను. ఆయన నవ్వి, ఈ రోడ్డు వేశాక చుక్క నీరు నిలవలేదన్నాడు.

మేము కొన్నది ఇంకో కాలనీలో, బండ మీద ఉన్న పాత ఇల్లు. ఇరుకు. గేటు దగ్గర మెట్లు పగలగొట్టించి వాలు కట్టించాను. అది పూర్తయ్యేదాకా సునీత ఆ మొదటి ఇల్లు తలుచుకుని నిట్టూర్చేది. అత్తమ్మ ఈ వీధిలో కూడా నడిచింది. పిల్లతో పాట పాడించుకుంటూ గబగబా నడిచొచ్చి, అరుగు మీద కూర్చుని, "ఉండుర్రి" అంది.

ఆ వానాకాలంలో ఒకరోజు వాన ఆగకుండా కొట్టింది. నీళ్లు చేరిన కాలనీల్లో కరెంటు తీసే డ్యూటీ మాది. మధ్యాహ్నం నన్ను పంపిన చోట్లలో ఆ వీధి కూడా ఉంది. జీపు దిగి చూశాను. నీళ్లు సరిగ్గా అత్తమ్మ వంగిన చోటు నుంచే మొదలయ్యాయి. తాడు పట్టుకుని జనాన్ని బయటికి తెస్తున్న కుర్రాళ్లకు ఆ గేటు ముందు నడుము దాకా వచ్చాయి. పెద్దాయనను పక్కింటి మిద్దె మీదికి చేర్చారు. క్షేమంగా ఉన్నాడు. ఇంట్లో మాత్రం నీళ్లు మంచాల పైకెక్కాయి.

వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ బంద్ చేసి, జీపులో కూర్చుని ఏడ్చాను. మేమిద్దరం డ్యూటీలో ఉండే సమయం అది. ఆ ఇల్లు కొని ఉంటే, వానకు బడి మూసిన ఆ రోజు శ్రావణి అందులోనే ఉండేది. నీళ్లు మంచం మీదికి వచ్చేదాకా దానికి తడి కూడా తెలిసేది కాదు.

అక్కడ ఒకప్పుడు కుంట ఉండేదేమో, అత్తమ్మ పల్లం చూసి పసిగట్టిందేమో అని ఆ జనగామ దోస్తు అన్నాడు. సరే, ఉండనీ. మరి నా దోసిట్లో పడ్డ బురద నీళ్ల సంగతేంది? వాడు మాట మార్చాడు.

మా అత్తమ్మ మీద నాకు ముందు నుంచీ గౌరవం ఉంది. ఇప్పుడు దాన్ని ఏమనాలో తెలియడం లేదు. తండాకు పోయినప్పుడు, జనం దేవతలా చూస్తారేమోనని ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆమే అంది. నేను రాస్తానని అడిగితే, "తండా పేరు పెట్టకు" అని ఒప్పుకుంది.

మొన్న చలికాలంలో శ్రావణిని తండా దగ్గరి వాగుకు తీసుకుపోయాను. నాకు ఆశ పుట్టింది, దాచడం ఎందుకు. ఒడ్డున బండ మీద కూర్చోబెట్టి, దాని పాదాలు నీళ్లలో పెట్టాను. పక్కనే నేనూ కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. నీళ్లు గడ్డకట్టినట్టున్నాయి, నా పళ్లు కటకటమంటున్నాయి. శ్రావణి కళ్లు మూసుకుని కాళ్ల మీదే ధ్యాస పెట్టింది.

"ఏమన్న తెలుస్తుందా బిడ్డా?"

"లే బాపు" అంది. "గీ నీళ్లు తెలుస్తలేవు. గా నీళ్లే తెలిసినయి."

దానికేం బాధ లేదు, చేప పిల్లలను చూసి నవ్వుతోంది. నేను దాని పాదాలు బయటికి తీసి, తువ్వాలుతో తుడిచి, ఎప్పటిలాగే తిప్పి తిప్పి చూశాను. ఎండిన రోడ్డు మీద లేని నీళ్లు నా బిడ్డకు తగిలాయి. వాగులో ఉన్న నీళ్లు తగల్లేదు. ఇది ఎట్లా అయిందో నాకు తెలియదు.